కంకి కోసం కాని జొన్న

గాజులరామారం దాటాక, క్రషర్ ఆగిపోయి తొమ్మిదేళ్లు.
ఆటో వెళ్లినప్పుడల్లా
తెల్లటి రాతిపిండి ఇంకా లేస్తుంది.
క్వారీ గుంతలో పచ్చబారిన నీళ్లు, అంచున
ఒంటి చెప్పు, తుప్పు పట్టిన కంప్రెసర్ మూత.

ఇక్కడ కానుగలు నాటాం, రెండు వందల పది.
ట్యాంకర్ నీళ్లు పోశాం, పేడ వేశాం,
బోర్డు కూడా పెట్టాం.
మృగశిర వచ్చేసరికి మిగిలింది బోర్డే.

"ఇది మన్ను కాదు మేడం, బొక్కల పొడి"
అన్నాడు పల్లపు దుర్గయ్య.
ఇరవై ఏళ్లు ఈ గుట్టకు తూట్లు పొడిచి
మందు కూరి, ఉరికి, చెవులు మూసుకున్నవాడు.
ఇప్పుడు రోజుకూలికి అదే గుట్టకు నీళ్లు మోస్తాడు.
ఒక చెవి వినబడదు.
రెండోది తనకు కావాల్సిందే వింటుంది.

శిలీంధ్రం అంటే బాగుండదని బూజు అన్నాను.
వేరుకు చెయ్యందించే బూజు ఈ నేలలో చచ్చిపోయిందన్నాను.
"బూజుకు గూడ కూలి ఇస్తరా?" అని నవ్వాడు.

మర్నాడు టిఫిన్ డబ్బాలో మట్టి తెచ్చాడు.
గుట్ట తూర్పు మొన, లీజు గీతకు అవతల,
మూడు సీతాఫలం పొదలు మిగిలిన చోటు.
"ఆడ మందు పెట్టలే.
రాయి నరం మంచిగ లేకుండె."

ఆ పిడికెడు కుండీల్లో కలిపి జొన్న చల్లాం.
కంకి కోసం కాదు, వేరు కోసం.
మూడు నెలలకు నీళ్లు ఆపి, ఎండగట్టి,
నడుమెత్తు పైరును మొదలుకంటా కోస్తుంటే
"పాలువట్టే యాళ్ల..." అని
అటు తిరిగి బీడీ ముట్టించాడు.

వేళ్లు క్షారంలో ఉడికించి, నీలిరంగు పట్టించి,
గాజుపలక మీద పరిచి పిలిచాను.
ఒక కన్ను మూసి, గురి చూసినట్టు వంగి,
చాలాసేపు ఏమీ అనలేదు.
వేరు లోపల గది గదికీ ఒక చెట్టు,
ఆకుల్లేని, వెంట్రుక కొమ్మల నీలి చెట్టు.
"నరం వట్టుకొని పోతుంది ఇది" అన్నాడు చివరికి.
"మేం ఉలి పెట్టినట్టే. సప్పుడే లేదు."

ఈసారి గుంతకు చెంచాడు వేసి నాటాం.
నూట నలభై బతికాయి.
మిగతావి ఎందుకు పోయాయో తెలీదు. కొన్నిటికి మేకలు.
రిపోర్టులో నేను శాతాలు రాశాను.

దుర్గయ్య లెక్కపెట్టడు.
పొద్దుగూకే వేళ ఏదో ఒక కానుగ మొదట్లో
వేలు గుచ్చి చూస్తాడు.
అంటిన తడిని ప్యాంటుకు తుడుచుకోకుండా
ఆ వేలిని అట్లనే పైకెత్తి పట్టుకుని
బస్సెక్కుతాడు.