తొట్టిలో నీళ్ళు

మా ఇంట్లో శనివారం స్నానం ఆగిపోయి పదకొండేళ్ళు.
తొట్టి నిండా చేపల నీళ్ళు.
క్యాబేజీ ఊరబెట్టినట్టు
నీళ్ళని ఊరబెడతాడు మా ఎర్విన్.
కటోవిత్సెలో కుళాయి విప్పితే వచ్చేది సున్నం;
కెటిల్ అడుగున గీకితే పెచ్చులు లేస్తాయి.
అందుకని ఓ వడపోత యంత్రం, దాని గొట్టాలు,
రాత్రంతా బాత్రూములో బొట్టు, బొట్టు.
ఇరవయ్యేడేళ్ళు గనిలో
నీళ్ళు తోడే పంపుల దగ్గర పనిచేసినవాడు
పెన్షన్ వచ్చాక మళ్ళీ బకెట్లెందుకు మోస్తున్నాడో
నేనడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

తొమ్మిదో అంతస్తు. బయట మైనస్ పద్నాలుగు.
మేం రెండేసి దుప్పట్లు కప్పుకుంటాం.
ఆ డిస్కస్ చేపలకి మాత్రం ముప్పై డిగ్రీలు.
కాస్త తగ్గిందా, ఒళ్ళు నల్లబడి
తొమ్మిది చారలూ బయటపడి
మూలకి పోయి గోడకేసి చూస్తాయి,
అచ్చం మా అత్తగారిలా.

ఫ్రీజర్లో పై అర వాటిదే. గొడ్డు గుండెకాయ,
కొవ్వు తీసి, నరాలు తీసి, వెల్లుల్లి కలిపి రుబ్బింది.
ఓ క్రిస్మస్‌కి మా చెల్లెలు డోరత్కా
తెలీక బాణలిలో వేసింది.

చూడ్డానికి చేపల్లా ఉండవు.
నిలబెట్టిన పళ్ళేలు.
నీలం పెన్ను రాస్తోందో లేదోనని
ఎవడో పిల్లాడు ఒళ్ళంతా గీసి చూసినట్టు గీతలు.

బోర్లించిన పూలకుండీ మీద
నాలుగుసార్లు గుడ్లు పెట్టింది ఆడది.
నాలుగుసార్లూ తెల్లారేసరికి వాటిని అవే తినేశాయి.
ఎర్విన్ రొట్టెకి వెన్న రాసుకుంటూ
"ఇంకా చిన్నవాళ్ళు, నేర్చుకుంటారులే" అన్నాడు.
మాకు పిల్లల్లేరు.
ఆ రోజంతా నేనతనితో మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో అతని ఊపిరి అడ్డం తిరిగింది.
స్ట్రెచర్ మీద మాస్కు పక్కకి లాగి
నాతో చెప్పింది ఇదీ:
మూడో వంతు మార్చు.
థర్మామీటర్ చూడకుండా పోయకు.

నన్ను చూసి దాక్కున్నాయి.
పదకొండేళ్ళుగా ఆ గదిలోనే బట్టలు ఇస్త్రీ చేస్తున్నా
నేనెవరో వాటికి తెలీదు.
మూడు రోజులు తిండి ముట్టలేదు.
నాలుగోనాడు అతని గళ్ళ చొక్కా తొడుక్కున్నాను.
చలికే తొడుక్కున్నాను, ఒట్టు.
వచ్చాయి, అద్దానికి మూతులు ఆనించి.

ఆ వారమే మళ్ళీ గుడ్లు. అతనికి చెప్పలేదు.
రాత్రి చీకట్లో కంగారుపడి తింటాయేమోనని
నా మంచం పక్క దీపం తెచ్చి అక్కడ పెట్టాను.
అన్నీ నాకు తెలుసని కాదు. నాకూ చీకటంటే అంతే.

ఓ పొద్దున్న తల్లి ఒంటిమీద
దుమ్ము పడిందనుకున్నాను.
దుమ్ము కదిలింది.
పాలు లేవు, పొదుగు లేదు,
ఒంటిమీద ఊరిన జిగురునే
కొరుక్కు తింటున్నాయి
కనురెప్ప వెంట్రుకంత పిల్లలు.
కాసేపు భరించి తల్లి ఒక్క విదిలింపుతో తప్పుకుంది.
చెల్లాచెదరై, తడుముకుని, పోయి
తండ్రికి అతుక్కున్నాయి.
అతను కదల్లేదు.
కన్నొక్కటే తిప్పి నావైపు చూశాడు.
వంటింట్లో కెటిల్ ఈల వేసీ వేసీ మాడిపోయింది.

సాయంత్రం ఫోన్. దగ్గు. మళ్ళీ దగ్గు.
వాటి సంగతి చెప్పేశాను.
"తినేశాయా?"
"లేదు."
అవతల చాలాసేపు ఏమీ లేదు.
"ఎన్ని?"
ఒకచోట ఆగితేగా లెక్కపెట్టడానికి, అన్నాను.
అరవై మూడు.
రెండోసారి అరవై ఒకటే వచ్చాయి.
ఫోన్లో చెప్పే విషయమా అది.
"అద్దానికి ఆనించు ఫోను," అన్నాడు.
ఆనించాను.
ఏం విన్నాడో. ఫిల్టర్ చప్పుడే అయ్యుంటుంది.
చెయ్యి తిమ్మిరెక్కేదాకా తియ్యలేదు.

ఇవాళ శనివారం.
సింకు దగ్గర గిన్నెడు వేణ్ణీళ్ళతో
మెడా చేతులూ తుడుచుకున్నాను.
తొట్టిలో థర్మామీటర్ వేలాడుతోంది.
ఇంకో రెండు డిగ్రీలు కావాలి.