పద్నాలుగో హల్లు

మా భాషలో ర, ల ఒక్కటే.
నాలుక ఒక్కసారి లేచి
చేప తోకలా అంగిలిని తాకి పడిపోతుంది, అంతే.
అవ్వ ఒకరోజు రైస్ అంటుంది, ఒకరోజు లైస్,
దుకాణంలో అదే కిలో సంచి ఇస్తారు.

బ ముందూ ద ముందూ ముక్కు కాస్త మూలగాలి.
ఒంటరిగా మాత్రం అది ఏ మాటా మొదలుపెట్టదు.
మిషన్ ఫాదర్ మైకెన్ అని నీళ్ళు చల్లి పోయాడు,
ఇంటికొచ్చేసరికి నేను మ్బైకెన్‌ని.

ఇవన్నీ పాత బియ్యం అట్ట మీద రాసి
బడి గోడకి తగిలించాను. పదమూడు హల్లులు.
పద్నాలుగోదే తంటా.
సాగో పిండిని మేం పిలిచే మాట దానితోనే మొదలవుతుంది.
అవ్వ అన్నప్పుడు
పాము గడ్డిలోంచి తప్పుకున్నట్టు గాలి వచ్చేది.
పదకొండుమంది పిల్లలు వరుసగా నిలబడి
అదే గాలి ఊదేవారు. నేనూ ఊదాను ఏడాదంతా.

ఏటి దిగువ ఊరికి మనువు వెళ్ళిన చెల్లెలు యకందు
వక్క నమిలి నల్లబడ్డ నిండు పళ్ళతో పడవ దిగింది.
పిల్లల పాఠం విని, నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది.
"గాలి కాదురా అది!
నాలుక పక్కల్ని పళ్ళకి నొక్కి, టక్కున వదలాలి.
మోటారు తాడు తెగి పిడి మూతికి తగిలిన రోజు
మీ అవ్వ రెండు పళ్ళు ఏట్లో పడ్డాయి.
మీరు నేర్చుకుంటున్నది ఆ సందు."

అవ్వ పొయ్యివైపు తిరిగి కూర్చుంది.
రెండు రోజులు మాటల్లేవు.
మా భాషలో పోట్లాడగలిగేది వాళ్ళిద్దరే,
రెండు రోజులు ఊళ్ళో అంతా టోక్ పిసినే.
కుక్కని కూడా టోక్ పిసిన్‌లోనే తిట్టారు.

మూడో పొద్దున ఆకలేసి
చెల్లెలు టక్కుమని సాగో అడిగింది.
"సాగో లేదు, నీ మొహం లేదు" అంది అవ్వ గాలితో,
అంటూనే ఆకులో వేసి జరిపింది.
పంది కొవ్వు కూడా వేసింది.

నేను బొగ్గుముక్క పట్టుకుని
అట్ట ముందు నిలబడే ఉన్నాను.
వెనకాల ఆరేళ్ళ యెరింబి
ఊగుతున్న ముందుపన్నుని నాలుకతో తోస్తూ
ఆ మాటని ఒకసారి అలా, ఒకసారి ఇలా
అని చూసుకుంటోంది.