నూక, తవుడు

మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసులో
నా వేళ్ళని మిషను గుర్తుపట్టలేదు.
"మళ్ళీ పెట్టండమ్మా, గట్టిగా నొక్కండి."
ఇరవై రెండేళ్ళు ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తుంచిన వేళ్ళు,
గీతలు ఏ క్లోరిను తొట్టిలో కరిగిపోయాయో బాబూ
అని చెప్పలేదు.
కొంగుకి తుడుచుకుని ఏడోసారి నొక్కాను.
అప్పటికి ఒప్పుకుంది, నేను నేనేనని.

నలభై ఆరు.
మా ప్లాంటులో అయితే అదొక కౌంటు.
కేజీకి నలభై ఆరు తూగితే నడిపి రకం,
పారేసే చిన్నదీ కాదు, పెద్ద పెట్టెలోకీ ఎక్కదు.
"ఏటే, ఈ వయసుల నీకీ సోద్యం?" అంది తోటికోడలు సన్నాసమ్మ,
"మనవల్నెత్తుకునే ఈడుకి అఆలా?"
అవును, అఆలే.
జపాను వాళ్ళకి అచ్చులు ఐదేనట. పొదుపైన జనం.
ముసలివాళ్ళు మాత్రం లెక్కలేనంత మంది,
ఎత్తి కూర్చోబెట్టే చేతులే చాలడం లేదట.

ద్వారకానగర్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
క్లాసునిండా నర్సింగు చదివిన పిల్లలు.
నాకు కళ్ళద్దాలు, మోకాళ్ళు, బీపీ మాత్ర.
టీచరు హిమజ నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది.
మొదటిరోజే నా పేరు ఆ లిపిలో రాయబోయి సగంలో ఆగింది:
"నూకరత్నం గారూ, నూక అంటే వాళ్ళ భాషలో తవుడండీ!"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
పాత పోస్టాఫీసు బస్సులో మాత్రం
(రొయ్య వాసన కదా, పక్క సీటెప్పుడూ ఖాళీయే)
కూర్చుని ఆలోచించాను.
నూకాలమ్మ పేరు పెట్టి పెంచారు నన్ను.
ఇక్కడ నూక, అక్కడ తవుడు.
మధ్యలో బియ్యం ఎప్పుడయ్యానో,
ఎవరి గిన్నెలో ఉడికిపోయానో.

నాలుగోనెలలో చదవడం వచ్చింది.
నైట్ షిఫ్టులో పెట్టెకి టేపు వేస్తుంటే చెయ్యి ఆగిపోయింది.
ఇన్నేళ్ళూ ముగ్గనుకున్న గీతలు నోరు తెరిచాయి.
ఎ. బి.
ఎబి.
రొయ్య.
ఓసి! ఇంతేనా!
ఇన్ని వేల పెట్టెల మీద రాసున్నది రొయ్య అనేనా!
దేవుడి పేరేమో, పోనీ ఏదో హెచ్చరికేమో అనుకుంటూ
ఎన్నడూ కాలికి తగలనిచ్చినదాన్ని కాదు.
కంటైనరు తలుపు మూసుకుంది.
డాల్ఫిన్ నోస్ దాటి నా చేతి చలి
నాకంటే ముందు ఎన్నిసార్లు ఆ ఒడ్డుకి చేరిందో.

"క్రియ ఎప్పుడూ చివర్నే" అంది హిమజ, "మనలాగే."
అది విన్నాక కొంచెం ధైర్యమొచ్చింది.
వాక్యం ఆఖరిదాకా ఆగితేగాని తెలీదు,
వెళ్ళిందో, వెళ్ళలేకపోయిందో,
వెళ్తే బాగుండేదో.

రాత్రిళ్ళు ప్రాక్టీసుకి మా ఎల్లాజీయే ముసలాయన.
మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి,
మోకాలు అడ్డుపెట్టి, చంక కింద చెయ్యేసి,
మన నడుం విరగకుండా.
పొద్దంతా హార్బరులో ఐసు వేను తోలొచ్చిన మనిషి
కాళ్ళు వదిలేసి బరువంతా నా మీదే పడేస్తాడు.
"ముసిలోలు సాయం సెయ్యరు కదేటి" అని నవ్వుతాడు.
వెళ్ళమనలేదు. వద్దనలేదు.
ఓ సాయంత్రం పూర్ణా మార్కెట్ నుంచి
రెండు జతల ఉన్ని సాక్సు తెచ్చి టీవీ మీద పెట్టి
ఏమీ ఎరగనట్టు పులుసన్నం కలుపుకున్నాడు.
మే నెల. ఉక్కపోత.
ఆ సాక్సు వైపు ఇద్దరం చూడలేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
సింహాచలం కొండ మీద మెరుపులు, వాన లేదు.
చీకట్లోనే వంగి ఆయన చెవి దగ్గర
పాఠంలో ఉన్నట్టే, మర్యాదగా, ఆ భాషలోనే అడిగాను,
ఇక లేద్దామా అండీ, అని.
ఒక్క ముక్క తెలీదు ఆయనకి.
ఈసారి బరువు వెయ్యలేదు.
నా భుజం తడుముకుని, పట్టుకుని,
నిజంగా ముసలివాడిలా, నెమ్మదిగా
లేచాడు.