ఆఖరి కలుపు

గ్రాఫు కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు.
ఎర్ర సిరా చుక్క పెడితే జరీ లేచినట్టు,
వదిలేస్తే పట్టులో మునిగినట్టు.
ధర్మవరంలో పద్నాలుగేండ్లుగా నా పని ఇంతే:
చుక్క పెట్టడం, వదిలేయడం, లెక్క తప్పకపోవడం.

లెక్క తప్పింది.

నూట నలభై మూడో గడి దగ్గర ఫోను గుర్రుమనింది.
ఎవరో కొత్త కుక్కరు కొన్నారు. చూసినాను.
కుక్కరు కింద ఎవరిదో పెళ్లి, పెళ్లి కింద వరద,
వరద కింద అద్దంలో తన్ను చూసుకొని ఉలిక్కిపడే పిల్లి.
తలెత్తేసరికి అన్నం మాడిన వాసన.
నూట నలభై మూడా, నూట ముప్పై నాలుగా?
ఏదో ఒకటనుకొని చుక్క పెట్టేసినాను.

ఇరవై దినాలకు కుళ్లాయప్ప వచ్చినాడు, భుజాన చీరతో.
కొంగు పరిచి, వేలు పెట్టి అడిగినాడు:
"ఏం చౌడేశ్వరీ, నెమిలికి రెండో కాలు యాడబోయె?"
మగ్గం గుంతలో నలభై ఏండ్లు కూర్చున్న మనిషి.
తిట్టలేదు. తిట్టుంటే బాగుండు.

ఆ పొద్దే ఫోనును కొర్రల డబ్బాలో పూడ్చినాను.
తెల్లారినప్పటి నుంచి పొద్దు నెత్తికొచ్చేదాకా అది అక్కడే.
మూత బిగించి పైన రోటి పొత్రం పెట్టినాను,
నా మీద నాకు నమ్మకం లేక.

మొదటి వారం గురించి గొప్పగా చెప్పేదేమీ లేదు.
చెయ్యి దానంతటదే నడుము దగ్గర తడుముకునేది.
మోగకున్నా మోగినట్టుండేది.
రెండుసార్లు పొత్రం దించినాను,
ఒకసారి టైం చూడటానికి, ఎదురుగా గోడ గడియారం ఉండంగనే.
విసుగు ఇంత పొడుగని మర్చేపోయినాను:
బల్లి గోడ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేంత పొడుగు.
పక్కింటి మగ్గం ప్రతి నాలుగో దెబ్బకూ తడబడతాదని
ఆ పొద్దే చెవిన పడింది.

అంతకుముందు నా నెమళ్లు నావి కావులే.
సేటు సూరత్తు చీర ఫోటో పంపి "ఇట్లాంటిదే" అంటాడు.
రెండు వేళ్లతో సాగదీసి, చూసి, దించేస్తాను.
ఎవరో దించినదాన్ని ఎవరో దించగా నేను దించింది.
ఆ నెమిలి ఎన్నడైనా వానకు తడిసిందో లేదో!

మూడో వారం బత్తలపల్లి పక్క మా చిన్నమ్మ చేనికి పోయినాను,
శెనక్కాయలకు కలుపు తీయడానికి. డబ్బా ఇంట్లోనే.
పొద్దు గూకేటప్పుడు చూద్దును కదా,
నాలుగేసి ఆకులు జంటలు జంటలుగా దగ్గరికి జరిగి
మూసుకుంటా ఉన్నాయి, నిద్రకు తూగే పిల్లోళ్ల రెప్పల మాదిరి.
ఈ చేలల్లోనే పెరిగినదాన్ని.
"రోజూ మూసుకుంటాయి మే, కొత్తేముంది?" అనింది చిన్నమ్మ.
ఒక్క చెట్టు పీకి చూపింది:
పసుపు పూత రాలిన చోట్నించి సన్నటి ఊడ
కిందికి దిగి మట్టిని వెతుక్కుంటా ఉంది.
"ఇదే ఆఖరి కలుపు. ఊడలు దిగినాక
చేను కదిలించగూడదు ఎవరూ."

పదకొండు పొద్దులు పట్టింది.
అంచు పొడుగునా విచ్చిన ఆకులు,
కొంగు దగ్గరికొచ్చేసరికి ముడుచుకున్న ఆకులు,
వాటి కింద ఊడలు, ఒక్క పోగు మందం.
ఒక్క గడి తప్పితే ఊడ తెగిపోతాది.
తప్పలేదు. అన్నం మాత్రం ఇంకోసారి మాడింది,
ఈసారి మాడిన వాసన కూడా నాకు రాలేదు.

సేటు అటూ ఇటూ తిప్పి చూసినాడు:
"ఇది ఎవరి ఫోన్లోనూ లేదే. ఎట్లమ్మేది?"
కుళ్లాయప్ప మాత్రం అట్టల కట్ట చంకన పెట్టుకున్నాడు:
"ఒకటి నేసి చూస్తా. దీనికి కాళ్లు లెక్కబెట్టే పని లేదు."

ఇంతా చెప్పి, నిన్న తొమ్మిదికే పొత్రం దించినాను.
వరద అట్లే ఉంది. పిల్లి అట్లే ఉలిక్కిపడతా ఉంది.
ఛార్జింగు బొక్కలో ఒక కొర్ర గింజ ఇరుక్కోనుంది.
పిన్నీసుతో తీయొచ్చు.
తీస్తాలే, ఈ వరస చుక్కలైనాక.