ఉత్తరపు హద్దు

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదుట
వాన తెరిపిచ్చాక
కొత్త సిరాసీసా మూత తిప్పాను.
ముప్పయ్యేళ్లుగా నీలం, నలుపు.
దస్తావేజుకి ఊదా చెల్లదు.

పాళీ ముంచి, చెడిపోయిన స్టాంపు కాగితం వెనక
ఏం రాయాలో తోచక ఆగితే
చెయ్యే అలవాటున హద్దులు వేసింది:
తూర్పు: పులపర్తి వారి కొబ్బరితోట.
దక్షిణం: పుంత.
పడమర: గోదావరి.
ఉత్తరం:
అక్కడ ఆగింది.

మా లంక చెక్క అది.
ఎనభయ్యారులో ఏటిపాలైంది.
చెమ్మపట్టిన కాగితం మీద ఇప్పుడు
గోదావరి పీచులు పీచులుగా సాగి
తోటలోకి పాకుతోంది.

పాళీ తలకి తుడుచుకుంటుంటే
టీ తెచ్చిన వీరవేణి నా వేళ్లు చూసి
"నేరేడుపళ్లు కోసుకొచ్చారేటండీ?" అంది.

"ఆయ్," అన్నాను.
ఉత్తరాన ఉండేది ఆ చెట్టే.