రెండొడ్ల లెక్క

ఏ ఒడ్డు మంచిదత్తా అని
గంప దించి కూకున్నావు గానీ నూకరత్నం,
నానేటి చెప్పీది?
నీ మొగుడు అడ్వాన్సు పుచ్చుకున్నాక అడిగీ మాటా ఇది?
ఏడేళ్ళు వేరావల్‌లో,
మిగతా బతుకంతా ఈ పెద జాలరిపేటలో.
రెండు చోట్లా నీళ్ళు ఉప్పే.

అక్కడ పొద్దు సముద్రంలోకి దిగిపోద్ది,
కూలి డబ్బులు లెక్కెట్టుకుని ఇంటికెళ్ళే మనిషిలాగ, తీరిగ్గా.
ఇక్కడ సముద్రంలోంచి లేస్తాది
అప్పులోడిలాగ,
మనం మొహం కడక్కముందే గుమ్మంలో.

డబ్బు సంగతి అడుగు, చెప్తాను.
అక్కడ సేటు ముందే ఇస్తాడు.
వల ఖాళీగా వచ్చినా జీతం జీతమే.
ఆ ఏడేళ్ళూ మీ మావ
ఆకాశం వైపు చూడ్డం మానీసాడు.
ఇక్కడ వాటా.
వంజరం పడితే పెళ్ళివారం,
పడకపోతే డీజిలు బంకు దగ్గర దొంగలం.

కానీ గుంటా, షెడ్డులో నా పని విను.
తెల్లారి నాలుగు నుంచి ఐసు నీళ్ళలో చేతులు.
తల తీయి, నరం తీయి, పళ్ళెంలో వెయ్యి.
ఎవరి రొయ్యో, ఎక్కడికెళ్తాదో.
ఏడేళ్ళలో ఒక్కసారి బేరం ఆడలేదు నాను.
నోరు తుప్పు పట్టీసింది.
తిరిగొచ్చిన మూడో రోజు పూర్ణా మార్కెట్ దగ్గర
ఒకావిడ కానాగంతలు మెత్తబడ్డాయంది.
అబ్బ, ఎంత హాయిగా తిట్టేనో!
ఆవిడే నవ్వీసి రెండు పోగులు కొనుక్కుంది.

ఇంక గాలి.
మన గాలికి టీవీలో పేర్లెడతారు.
హుద్‌హుద్ నాడు మా రేకులు
ఎల్లాజీ వాళ్ళ పెరట్లో దొరికేయి.
ఎల్లాజీ వాళ్ళ రేకులు ఇంకా దొరకలేదు.
అక్కడ భయం గాలి కాదు, గీత.
నీళ్ళ మీద ఎవరికీ కనపడని గీత.
మా వరసలో ఒక కుర్రోడు
వల వెంట పోయి అది దాటీసాడు.
పద్నాలుగు నెలలకి వచ్చాడు.
అన్నం ముందు పెడితే
తినమంటారా, అని అడిగీవాడు.

మన సముద్రానికి ఎండల్లో సెలవు,
వాళ్ళ సముద్రానికి వానల్లో.
రెండొడ్లూ తిరిగితే దగ్గర దగ్గర ఏడాదంతా వేటే అని
వేళ్ళ మీద లెక్కెట్టి చూపించేను ఓసారి.
మీ మావ వేళ్ళు చూసి,
మరి నిద్రెప్పుడే, అన్నాడు.

ఒకటి మాత్రం నీకెవరూ చెప్పరు.
అక్కడ ఊరు గుర్తొస్తే
సముద్రం వైపు చూసి లాభం లేదు.
మనూరు అటు లేదు.
నీళ్ళకి వీపు పెట్టి
బస్టాండు వైపు, గోదాముల వైపు,
ఎండిపోయిన నేల వైపు చూడాలి.
పుట్టిన కాణ్ణుంచి అలగ నించున్నది లేదేమో,
మొదట్లో మెడ నొప్పెట్టేది.

ఇక్కడికొచ్చీసేక పోతాదనుకున్నాను.
మొన్న సాయంత్రం
అందరూ అలల కేసి కూకుని జీడిపప్పు బేరాలూ, పిల్లల సంబంధాలూ మాటాడుకుంటుంటే
నా ఒక్కదాన్నే సింహాచలం కొండల కేసి తిరిగి ఉన్నాను.
వాటి వెనకాల పొద్దు దిగుతోంది.
ఇప్పుడు షెడ్డు గంట కొడతారు,
జశూబెన్ చాయ్ పోస్తాది,
నా గ్లాసులో ఓ చుక్క ఎక్కువే పోస్తాది, అనుకుంటూ.

సర్లే, గంపెత్తు, ఎండెక్కుతోంది.
చింతపండు పట్టికెళ్ళు మరిచిపోక.
అక్కడ పప్పులో బెల్లం వేస్తారు.
మొదటి నెల తిట్టుకుంటావు.
తర్వాత...
నిన్న రాత్రి నా చేతి పులుసు నోట్లో పెట్టుకుని
మీ మావ ఏటన్నాడో తెలుసా?

తియ్యగా ఉన్నాదేటే, అన్నాడు.
ఇంకొంచెం పొయ్యమన్నాడు.