ఎండనివ్వడం

నవంబరు చివర్లో మొదటిది నా కాఫీలో పడింది.
చిటికెన వేలితో తీసి రుమాలుకి రాశాను:
రెక్కలొచ్చిన మసిచుక్క.

ఔలూలో అప్పటికి సూర్యుడు
పదింటికొచ్చి రెండున్నరకి సంచి సర్దుకునే
అరపూట గుమాస్తా.
బయట మైనస్ పద్దెనిమిది.
మంచు పట్టిన కనురెప్పలతో జనం వస్తున్నారు
పంటినొప్పులు మోసుకుని.
ఇంత చలిలో నుసుములేమిటి?

అరటిపళ్ళని అనుమానించాం. పారేశాం.
సింకు గొంతులో వేడినీళ్ళు పోశాం.
అవి మాత్రం మానిటరు వెలుగులో,
పాత పత్రికల పుటల మీద
ఎక్కడికీ పోయే తొందర లేకుండా
తిరుగుతూనే ఉన్నాయి.

ఒకరోజు కుర్చీలో నోరు తెరుచుకున్న పెద్దమనిషి మీద,
దీపం కింద, ఒకటి గిరికీలు కొట్టింది.
డాక్టర్ రైలి చేతిలో డ్రిల్లు ఆగింది.
"నోరు మూయండి," అంది గబుక్కున.
ఇరవై ఆరేళ్ళ సర్వీసులో
ఆ మాట అనడం అదే మొదలట.

కనిపెట్టింది ఏవెర్ట్ తాత.
కట్టుడు పళ్ళ కొలతలకని వచ్చి
బోసినోటితో కూర్చున్నవాడు లేచి
మూలనున్న రబ్బరు మొక్క కుండీలో
చూపుడు వేలు రెండో కణుపు దాకా దించాడు.
ముప్పై ఏళ్ళు దోసకాయల గాజింట్లో పనిచేసిన వేలు.
బురదతో బయటికొచ్చింది.
వాసన చూశాడు.
"ఇదీ పురిటిగది," అన్నాడు.
పళ్ళు లేని మాట, రెండోసారి చెప్పించుకున్నాం.

పచ్చి ఆలుగడ్డ బిళ్ళ కోసి
మట్టి మీద బోర్లించమన్నాడు.
తెల్లారి ఎత్తి చూస్తే
కదులుతున్న గాజు దారప్పోగులు,
ఒక్కో కొసకీ ఒక నల్లటి తల.
బూజు తిని, బూజు చాలక లేతవేళ్ళ నూగు తిని
అక్కడే పెద్దవుతున్నాయి.

పసుపు జిగురు అట్టలు గుచ్చాం.
మొదటి వారం అరవై మూడు.
గర్వంగా చూపిస్తే తాత పెదవి విరిచాడు.
ఎగిరేవాటికి ఎలాగూ వారమే ఆయుష్షు,
అసలు సంసారం కింద, తడిలో.
ఇంతకీ నీళ్ళెవరు పోస్తున్నారు?

నేను, అన్నాను. సోమవారం సోమవారం, ఒక గ్లాసు.
నేను, అంది త్యూనె, తుడుపు కర్రకి ఆనుకుని.
రోజూ రాత్రి, అందరూ వెళ్ళాక.
పళ్ళు శుభ్రం చేసే ఆటోస్ చెవులు ఎర్రబడ్డాయి:
వస్తానన్న పేషెంటు రాని ప్రతిసారీ
పుక్కిలించడానికి నింపిన కప్పు.
తిలాపాపం తలా గ్లాసెడు.

పదకొండేళ్ళు ఒకే కప్పు కింద.
ఆ మొక్కకి దిక్కు నేనే అనుకుంటూ
ముగ్గురం, లోలోపల,
మిగతా ఇద్దరి మీదా కాస్త కోపంగా.

మట్టి మీద రెండు వేళ్ళ మందాన ఇసక.
ఆ పైన మూడు వారాలు చుక్క నీరు పోయకూడదు.
ఎంత కష్టమో ఎవరికి చెప్పను?
ఒక ఆకు వాలితే చాలు, చెయ్యి కుళాయి వైపు పోతుంది.
త్యూనె ఉండబట్టలేక ఆకుల్ని తడిగుడ్డతో తుడిచేది
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు తుడిచినట్టు.
ఆటోస్ పొయ్యని కప్పులు తనే తాగేసేవాడు.
నేను అట్టల మీద చుక్కలు లెక్కపెట్టేదాన్ని:
ముప్పై ఎనిమిది. పద్నాలుగు.
తర్వాతి వారం ఇరవై ఒకటి.
ఎవరో తప్పు చేశారు. ఎవరమూ అడగలేదు.
గడువు ఇంకో మూడు వారాలు జరిగింది.
ఐదు.

ఫిబ్రవరిలో ఏవెర్ట్ తాత
కొత్త పళ్ళతో నవ్వడం నేర్చుకుంటూ వచ్చాడు.
వేలు దించి, పొడిగా తీసి,
ప్యాంటుకి దులుపుకుని
"ఇప్పుడు," అన్నాడు. ఈసారి మాట తేటగా ఉంది.
ముగ్గురం ఒకేసారి లేచి
కుళాయి దగ్గర భుజాలు గుద్దుకున్నాం.
కింది పళ్ళెంలో పోయమన్నాడు,
అది తాగినంతే.

మొన్న మళ్ళీ ఒకటి కాఫీలో పడింది.
తీసి కప్పు అంచున పెట్టాను.
కిటికీలో ఎండ ఉంది, ఆరింటి దాకా ఉంటుంది.
రెక్కలు ఆరడానికి చాలాసేపు పట్టింది.